కంప్యూటరు వ్యవస్థలలో బయటివారి ప్రవేశ నిర్వహణ

ఒక సంస్థలో ఉద్యోగులు కానివారికి, అనగా కాంట్రాక్టర్లకు, సరుకు సరఫరా చేసేవారికి, మరమ్మతులు చేసే కంపెనీలకు, వ్యాపార భాగస్వాములకు ఆ సంస్థ కంప్యూటరు వ్యవస్థలలోకి వెళ్ళడానికి కావలసిన ఆధారాలను ఇవ్వడం, అవి ఎవరివద్ద ఉన్నవో కనిపెట్టి ఉండడం, పని ముగిసిన పిదప వాటిని రద్దు చేయడం - ఈ మూడు పనులను కలిపి బయటివారి ప్రవేశ నిర్వహణ అంటారు. ప్రవేశ ఆధారాలలో ముఖ్యమైనవి యూజర్ ఐడి, పాస్‌వర్డు. నిమిషానికొకసారి అంకెలు మారే టోకెన్లు, స్మార్ట్ కార్డులు, డిజిటల్ సర్టిఫికెట్లు, ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాముతో మాట్లాడడానికి వాడే ఏపీఐ తాళాలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఇంటి తాళంచెవితో దీనిని పోల్చడం పరిపాటి. ఆ పోలిక కొంతవరకే సరిపోతుంది. తాళంచెవి తిరిగి ఇచ్చినవాని చేతిలో ఇక తాళంచెవి ఉండదు. పాస్‌వర్డు తెలిసినవాడు దానిని తిరిగి ఇవ్వడం అంటూ జరగదు. ఇచ్చినవారే తాళం మార్చుకోవాలి. అలా మార్చాలంటే అది ఇంకా ఎవరికి తెలుసునో, వారి పని ఎప్పుడు ముగిసిందో ముందుగా తెలియాలి. ఈ రంగంలోని చిక్కులలో అధికభాగం ఇవ్వడంలో లేవు, తిరిగి తీసుకోవడంలోనే ఉన్నాయి.

ఉద్యోగికీ బయటివారికీ తేడా

ఉద్యోగి చేరిన రోజున అతని పేరు జీతాల పట్టీలోకి ఎక్కుతుంది. రాజీనామా చేసినా, పదవీ విరమణ చేసినా, మరణించినా ఆ పట్టీనుండి పేరు తొలగిపోతుంది. డబ్బుతో ముడిపడిన వ్యవహారం కనుక ఈ పనిని ఏ సంస్థా ఎక్కువకాలం మరచిపోదు. ఉద్యోగుల లాగిన్లను ఈ పట్టీతో జతపరిస్తే సమస్య చాలావరకు తీరుతుంది. పెద్ద సంస్థలలో జీతం ఆగిన రోజునే లాగిన్ కూడా ఆగిపోయేలా ఏర్పాట్లు ఉంటాయి.

బయటివారికి ఇటువంటి పట్టీ లేదు. ఎయిర్ కండిషనర్లు బాగుచేసే కంపెనీకి సంస్థ చెల్లించేది బిల్లు మాత్రమే. అక్కడ పనిచేసే మెకానిక్ పేరు ఆ బిల్లు మీద ఉండనక్కరలేదు. అతడు ఉద్యోగం మానివేసిన సంగతి అతని యజమానికి తెలుస్తుంది కాని, లాగిన్ ఇచ్చిన సంస్థకు తెలియదు. ఒప్పందం ముగిసిన సంగతి కొనుగోళ్ళ విభాగానికి తెలుస్తుంది కాని, కంప్యూటరు విభాగానికి ఎవరూ చెప్పరు. పని నిజంగా పూర్తయినదా, మరో మూడు నెలలు సాగుతుందా అన్నది ఆ పని చేయించుకుంటున్న అధికారికి మాత్రమే తెలుసు. అతడు ఈలోగా మరొక విభాగానికి బదిలీ అయిపోయి ఉండవచ్చు. ఒకే విషయం నలుగురి దగ్గర నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను ఒకచోట చేర్చవలసిన బాధ్యత సాధారణంగా ఎవరి మీదా ఉండదు. యజమాని లేని లాగిన్లు ఇలాగే పుట్టుకొస్తాయి. వీటిని అనాథ ఖాతాలు అని కూడా అంటారు.

చరిత్ర

కంప్యూటర్లలో పాస్‌వర్డు వాడకం 1960ల తొలినాళ్ళలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైనది. ఫెర్నాండో కార్బటో నాయకత్వంలో అక్కడ తయారైన సీటీఎస్ఎస్ వ్యవస్థలో అనేకులు ఒకే కంప్యూటరును పంచుకునేవారు. ఒకరి ఫైళ్ళు మరొకరికి కనబడకుండా ఉండడానికి పాస్‌వర్డు ఉపయోగపడింది. వాడుకరులందరూ ఒకే విద్యాసంస్థకు చెందినవారు కావడంతో బయటివారి ప్రశ్న అప్పట్లో అంతగా తలెత్తలేదు.

కంప్యూటర్లు అమ్మిన కంపెనీలే వాటికి మరమ్మతులు చేయవలసి రావడంతో ఈ ప్రశ్న ముందుకు వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తయారుచేసిన వాక్స్ కంప్యూటర్లలో నడిచే వీఎంఎస్ వ్యవస్థలో, మరమ్మతుకు వచ్చే ఇంజనీర్ల కోసం "ఫీల్డ్" అనే ఖాతా ముందుగానే ఉండేది. దాని పాస్‌వర్డు "సర్వీస్". కంప్యూటరు కొన్నవారు ఈ పాస్‌వర్డును మార్చుకోవాలి. మార్చనివారు చాలామందే ఉండేవారు. 1986లో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు, కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్లు తేడా రావడం గమనించి కూపీ లాగగా, పశ్చిమ జర్మనీలోని హానోవర్‌నుండి ఒక వ్యక్తి అమెరికా సైనిక సంబంధమైన కంప్యూటర్లలోకి చొరబడుతున్నట్లు తేలింది. అతడు ప్రయత్నించి చూసిన తాళాలలో ఇటువంటి తయారీదారు ఖాతాలు కూడా ఉన్నాయి. మరమ్మతుదారుకోసం తెరిచి ఉంచిన దొడ్డిదారి దొంగకు కూడా ఉపయోగపడుతుందని లోకానికి తెలియజెప్పిన తొలి ఉదంతాలలో ఇది ఒకటి. స్టోల్ 1989లో ఈ కథను "ద కుకూస్ ఎగ్" అనే పుస్తకంగా ప్రచురించాడు.

అంతకు ముందే, 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సమాచార రక్షణ గురించి రాసిన వ్యాసంలో కనీస అధికార సూత్రాన్ని ప్రతిపాదించారు. ఒక పని చేయడానికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అన్నది దాని సారాంశం. ఈనాటి ప్రమాణాలన్నిటికీ ఈ సూత్రమే మూలం. 1990లలో అంతర్జాలం వ్యాపించడంతోనూ, కంపెనీలు తమ పనులను బయటి సంస్థలకు అప్పగించే పద్ధతి పెరగడంతోనూ బయటివారి లాగిన్లు ప్రతి సంస్థకూ నిత్యకృత్యంగా మారాయి.

మరూచీ మురుగునీటి ఉదంతం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మరూచీ షైర్ అనే స్థానిక పాలక మండలి ఉండేది. దాని పరిధిలోని మురుగునీటి పంపింగ్ కేంద్రాలు 142. వీటిని దూరంనుండి రేడియో సంకేతాలతో నడిపే వ్యవస్థను హంటర్ వాటర్‌టెక్ అనే కాంట్రాక్టు సంస్థ అమర్చింది. ఆ పనిలో పాల్గొన్న ఒక ఇంజనీరు 1999 డిసెంబరులో ఆ సంస్థను విడిచిపెట్టి, పాలక మండలిలో ఉద్యోగం కోసం ప్రయత్నించాడు. మండలి అతనిని తీసుకోలేదు.

2000 సంవత్సరం తొలి నెలలలో పంపులు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టాయి. నడవవలసిన సమయంలో ఆగిపోయేవి. ప్రమాద సూచికలు మోగవలసిన చోట మోగేవి కావు. కొత్తగా అమర్చిన వ్యవస్థ కనుక లోపం అమరికలోనే ఉన్నదని ఇంజనీర్లు మొదట భావించారు. సాఫ్టువేరును మళ్ళీ ఎక్కించి చూశారు, ఫలితం లేకపోయింది. చివరకు ఎవరో బయటినుండి ఆదేశాలు పంపుతున్నారన్న అనుమానం బలపడింది. 2000 ఏప్రిల్ 23న పోలీసులు ఆ మాజీ ఇంజనీరు కారును ఆపి చూడగా ఒక లాప్‌టాప్, ఒక రేడియో, పంపింగ్ కేంద్రాలలో వాడే నియంత్రణ పరికరం దొరికాయి. వాటి సాయంతో అతడు తానే ఒక పంపింగ్ కేంద్రమన్నట్లు సంకేతాలు పంపుతూ వచ్చాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగునీరు పార్కులలోకి, వాగులలోకి, ఒక పెద్ద హోటలు ఆవరణలోకి పొంగి పొర్లింది. జలచరాలు చనిపోయాయి, వాగు నీరు నల్లబడింది. 2001లో న్యాయస్థానం అతనికి 2 సంవత్సరాల జైలుశిక్ష విధించింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా హ్యాకింగ్ కథగా చెబుతారు. నిజానికి ఇక్కడ ఎవరూ ఏ పాస్‌వర్డునూ ఛేదించలేదు. వ్యవస్థను తెలిసినవాడు, దానితో మాట్లాడే పరికరం ఉన్నవాడు, సంస్థను వదిలి వెళ్ళిన తర్వాత కూడా వ్యవస్థ దృష్టిలో బయటివాడు కాలేదు. అతడు పాలక మండలి ఉద్యోగి ఎన్నడూ కాడు. కనుక అతని నిష్క్రమణను నమోదు చేయవలసిన కాగితం మండలి వద్ద లేనే లేదు.

టార్గెట్ ఉదంతం

ప్రపంచమంతటా ఈ విషయాన్ని చర్చకు తెచ్చినది 2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల గొలుసులో జరిగిన చోరీ. ఆ ఏడాది నవంబరు 27నుండి డిసెంబరు 15వరకు, అంటే పండుగ కొనుగోళ్ళు జోరుగా సాగే రోజులలో, దాదాపు 4 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు దొంగలపాలయ్యాయి. 7 కోట్ల మంది వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్ల వంటివి కూడా పోయినట్లు 2014 జనవరిలో ఆ సంస్థ ప్రకటించింది.

దొంగలు లోపలికి వచ్చిన దారి పెన్సిల్వేనియాలోని ఫేజియో మెకానికల్ సర్వీసెస్ అనే చిన్న కంపెనీ. శీతలీకరణ యంత్రాలను అమర్చడం, బాగుచేయడం దాని వృత్తి. ఆ కంపెనీకి టార్గెట్ ఇచ్చిన లాగిన్ వివరాలను ముందుగా దొంగిలించి, వాటితో టార్గెట్ నెట్‌వర్కులోకి ప్రవేశించారు. దుకాణాలలోని ఉష్ణోగ్రతను దూరంనుండి గమనించడానికి ఆ లాగిన్ ఇచ్చారని పత్రికలు మొదట రాశాయి. ఈనాటికీ చాలాచోట్ల అలాగే కనబడుతుంది. అది సరికాదు. బిల్లులు పంపడానికి, ఒప్పంద పత్రాలు సమర్పించడానికి, పనుల పురోగతి చూసుకోవడానికి మాత్రమే తమకు ఆ అనుసంధానం ఉండేదని ఆ కంపెనీ స్వయంగా ప్రకటించింది. ఈ తేడా చిన్నదిగా కనబడినా ముఖ్యమైనది. బిల్లు పెట్టుకునే లాగిన్‌ను ఎవరూ ప్రమాదకరమైనదిగా లెక్కించరు. కాని ఆ మెట్టునుండి నగదు కౌంటర్ల యంత్రాల వరకు దారి దొరికింది. ఆ యంత్రాల జ్ఞాపకశక్తినుండి కార్డు వివరాలను ఏరుకునే మాల్‌వేర్‌ను అక్కడ నాటారు. నెట్‌వర్కులోని సున్నితమైన భాగాలను మిగిలిన భాగాలనుండి సరిగా వేరుచేయకపోవడాన్ని 2014 మార్చిలో అమెరికా సెనేట్ వాణిజ్య సంఘం సిబ్బంది నివేదిక ఎత్తిచూపింది.

హెచ్చరికలు రాలేదని కూడా చెప్పలేము. టార్గెట్ నెట్‌వర్కును రాత్రింబవళ్ళు గమనించే బృందం ఒకటి బెంగళూరులో ఉండేది. మాల్‌వేర్ కదలికను నిఘా సాఫ్టువేరు పట్టుకున్నదనీ, బెంగళూరు బృందం ఆ సంగతిని మినియాపోలిస్ కేంద్రానికి తెలిపిందనీ, అక్కడ తగిన చర్య జరగలేదనీ 2014లో అమెరికా పత్రికలు వెల్లడించాయి. 2014 మేలో సంస్థ అధిపతి పదవినుండి తప్పుకున్నాడు. 2017 మేలో 47 రాష్ట్రాలతోను, వాషింగ్టన్ రాజధాని ప్రాంతంతోను టార్గెట్ 1 కోటి 85 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నది.

తరువాతి ఉదంతాలు

2014లో హోమ్ డిపో దుకాణాలలో 5 కోట్ల 60 లక్షల కార్డుల వివరాలు పోయాయి. అక్కడ కూడా దొంగలు మొదట వాడినది ఒక సరఫరాదారు యూజర్ ఐడి, పాస్‌వర్డులనే. 2022 జనవరిలో ఆక్టా అనే కంపెనీ వ్యవస్థలలోకి లాప్సస్ అనే ముఠా చొరబడింది. వాడుకున్నది వినియోగదారుల సేవకోసం నియమించిన సైటెల్ అనే బయటి సంస్థ ఇంజనీరు ఖాతా. ఆక్టా వ్యాపారమే ఇతర కంపెనీల లాగిన్లను నిర్వహించడం కావడం ఇందులోని వింత. అదే ఏడాది సెప్టెంబరులో ఊబర్ సంస్థకు పనిచేసే ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డు దొంగల చేతికి చిక్కింది. అతని ఫోనుకు అనుమతి కోరుతూ పదే పదే సందేశాలు పంపగా, చివరకు అతడు ఒకదానికి సమ్మతించాడు. రెండంచెల ధ్రువీకరణ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదని అప్పటినుండి నిపుణులు హెచ్చరిస్తున్నారు.

2024లో స్నోఫ్లేక్ అనే సమాచార నిల్వ సంస్థ ఖాతాదారులపై జరిగిన దాడులు మరొక కోణాన్ని బయటపెట్టాయి. దాదాపు 165 సంస్థలకు ముప్పు ఉండవచ్చని హెచ్చరించినట్లు ఆ దాడులపై పరిశోధన జరిపిన మాండియంట్ సంస్థ తెలిపింది. పాస్‌వర్డులను దొంగిలించే మాల్‌వేర్ కొన్ని సందర్భాలలో కాంట్రాక్టర్ల సొంత కంప్యూటర్లలోకి చేరింది. అదే కంప్యూటరులో ఆటలు ఆడుకోవడం, దొంగ సాఫ్టువేరు దించుకోవడం కూడా జరిగేవి. ఒక కాంట్రాక్టరు నాలుగైదు కంపెనీలకు పనిచేస్తుంటే ఒక్క లాప్‌టాప్ నాలుగైదు కంపెనీల తలుపులు తెరుస్తుంది. 2020 నవంబరులో దొంగిలించిన పాస్‌వర్డులు కూడా వీటిలో ఉన్నాయి. అవి 2024లోనూ పనిచేశాయి.

నిర్వహణ పద్ధతులు

బయటివారి లాగిన్‌కు సంస్థలోపల ఒక బాధ్యుడు ఉండాలి. ఇతనిని స్పాన్సర్ అంటారు. ఆ బయటి వ్యక్తి ఎవరు, ఏ పనికోసం, ఎంతకాలం అన్నవాటికి ఇతడే జవాబుదారీ. బాధ్యుడు బదిలీ అయితే ఆ లాగిన్లు మరొకరి పేరున మారాలి. ఎవరూ తీసుకోకపోతే ఆగిపోవాలి. ఈ చివరి నియమం లేకపోతే ముందున్నవాటికి విలువ లేదు.

రెండవది ముగింపు తేదీ. ఉద్యోగి లాగిన్ ఎవరైనా ఆపేవరకు సాగుతుంది. బయటివారి లాగిన్ ఎవరైనా పొడిగిస్తే తప్ప సాగకూడదు. మరపు రెండు సందర్భాలలోనూ సహజమే. మొదటి పద్ధతిలో మరచిపోతే తలుపు తెరిచి ఉంటుంది, రెండవ పద్ధతిలో మరచిపోతే తలుపు మూసుకుంటుంది. అనుభవం గల సంస్థలు 30, 60 లేదా 90 రోజుల గడువు పెట్టి, గడువుకు వారం ముందు బాధ్యునికి గుర్తుచేస్తాయి. గడువు మరీ తక్కువైతే అర్ధరాత్రి యంత్రం బాగుచేస్తున్నవాని లాగిన్ మధ్యలో ఆగిపోయిన సందర్భాలూ వస్తాయి. అందువలన ఆసుపత్రులు, విద్యుత్తు కేంద్రాల వంటి చోట్ల అత్యవసర లాగిన్ ఒకటి సీలు వేసిన కవరులోనో, దానికి సమానమైన సాఫ్టువేరు ఏర్పాటులోనో ఉంచి, వాడిన ప్రతిసారీ కారణం రాయిస్తారు.

మూడవది, ఒక మనిషికి ఒక ఐడి. ఇది అందరూ ఒప్పుకునే నియమమే. దీనిని మీరినంతగా మరి దేనినీ మీరరు. ఒక కాంట్రాక్టు కంపెనీకి ఒకే ఐడి ఇచ్చి, మూడు షిఫ్టులలోని పదిమంది దానినే వాడుకోవడం సామాన్యంగా కనబడుతుంది. దీనికి సోమరితనం కారణమని అనుకోవడం తేలిక కాని, అసలు కారణాలు వేరు. సాఫ్టువేరు లైసెన్సుకు మనిషికింత అని చెల్లించాలి. దానికి మించి, కొత్తగా వచ్చినవానికి లాగిన్ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పని మాత్రం మొదటిరోజే మొదలు కావాలి. పక్కవాని పాస్‌వర్డు అడిగి పని కానివ్వడం తప్ప అతనికి మరో దారి ఉండదు. కనుక లాగిన్ త్వరగా ఇవ్వడం కూడా భద్రతలో భాగమే. నియమాలు కఠినంగా రాసి, ఇచ్చే పని నెమ్మదిగా సాగించే సంస్థలలోనే పాస్‌వర్డులు చీటీల మీద తిరుగుతుంటాయి.

పంచుకున్న పాస్‌వర్డు విషయంలో మరొక సంగతి గమనించాలి. వాడుకరుల పాస్‌వర్డులను ఊరికే నెలనెలా మార్పించనవసరం లేదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో సూచించింది. అలా బలవంతపెడితే జనం పాత పాస్‌వర్డు చివర ఒక అంకె మార్చి సరిపెట్టుకుంటారు. అయితే రౌటర్లు, పంపుల నియంత్రణ పెట్టెల వంటి వాటికి ఒకే పాస్‌వర్డు ఉండడం తప్పనిసరి అయినపుడు, దానిని తెలిసినవారిలో ఏ ఒక్కరు వెళ్ళిపోయినా మార్చవలసిందే. ఇక్కడ క్యాలెండరు కాదు ముఖ్యం, మనిషి నిష్క్రమణ.

ఇచ్చిన లాగిన్లను అప్పుడప్పుడు సరిచూడడం నాలుగవది. 300 పేర్ల జాబితాను అధికారికి పంపి, వీరందరూ ఇంకా అవసరమేనా అని అడిగితే అతడు అన్నిటికీ అవుననే టిక్కు పెడతాడు. తీసివేసినందువలన పని ఆగితే మాట పడేది అతడే, ఉంచినందువలన వెంటనే వచ్చే నష్టం లేదు. చివరిసారి ఎప్పుడు వాడారు అన్న తేదీని పేరు పక్కన చూపితే జవాబులు మారతాయి. ఎనిమిది నెలలుగా ఎవరూ తాకని ఖాతాను సమర్థించడం కష్టం.

నమ్మకాన్ని పంచుకునే పద్ధతి

బయటివారికి అసలు పాస్‌వర్డే ఇవ్వకుండా పని జరిపించే మార్గం ఒకటి ఉన్నది. దీనిని ఐడెంటిటీ ఫెడరేషన్ అంటారు. భాగస్వామి కంపెనీ ఉద్యోగి తన సొంత కంపెనీలోనే లాగిన్ అవుతాడు. ఇతడు మా మనిషే అని ఆ కంపెనీ కంప్యూటరు డిజిటల్ సంతకంతో కూడిన ఒక ధ్రువపత్రం పంపుతుంది. రెండవ సంస్థ దానిని నమ్మి లోపలికి రానిస్తుంది. విశ్వవిద్యాలయాలలో వాడే ఎడ్యురోమ్ వైఫై ఈ ఆలోచనకు తేలికైన ఉదాహరణ. ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థి మరొక దేశంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళినా తన సొంత ఐడితోనే అక్కడి వైఫై వాడుకోగలడు. అతడు నిజంగా విద్యార్థేనా అన్నది అతని మాతృసంస్థ చెబుతుంది.

ఈ పనికి వాడే సామ్ల్ ప్రమాణపు 2.0 సంచికను ఒయాసిస్ సంస్థ 2005లో ఆమోదించింది. ఓపెన్ ఐడి కనెక్ట్ 2014లో వచ్చింది. ఈ పద్ధతిలోని గొప్ప సౌలభ్యం ఏమనగా, మనిషి వెళ్ళిపోయిన సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుందో రద్దు చేసే పని కూడా వారి చేతికే వెళుతుంది. మెకానిక్ యజమాని అతని లాగిన్ ఆపిన మరుక్షణంనుండి కొత్తగా ఏ తలుపూ తెరుచుకోదు. అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు మాత్రం వాటి గడువు తీరేవరకు సాగవచ్చు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. భాగస్వామి కంపెనీ తన ఉద్యోగుల పట్టీని సరిగా చూసుకుంటుందన్న నమ్మకం మీదే ఇదంతా ఆధారపడింది. ముగ్గురు మనుషులతో నడిచే మరమ్మతు దుకాణానికి ఇటువంటి సర్వర్లు ఉండవు. పెద్ద భాగస్వాములకు ఫెడరేషన్, చిన్నవారికి గడువుతో కూడిన అతిథి ఖాతాలు అన్న మిశ్రమ పద్ధతిని అందుకే చాలా సంస్థలు పాటిస్తున్నాయి. జాగ్రత్త ఎక్కువ అవసరమైనది చిన్నవారి విషయంలోనే అని టార్గెట్ ఉదంతం చూపింది.

అధికారం ఎక్కువగా ఉండే ఖాతాలకు, అంటే సర్వర్లను, డేటాబేసులను నడిపే ఖాతాలకు, పాస్‌వర్డు ఖజానా వంటి ఏర్పాటు ఉంటుంది. బయటి ఇంజనీరు ఒక మధ్యస్థ కంప్యూటరులోకి మాత్రమే లాగిన్ అవుతాడు. అసలు పాస్‌వర్డును ఖజానాయే అతని తరఫున నింపుతుంది, అతనికి కనబడదు. అతడు చేసిన పని అంతా వీడియోలాగా నమోదవుతుంది.

యంత్రాల తాళాలు

మనుషులకన్నా ప్రోగ్రాములకు ఇచ్చే తాళాలు తొందరగా మరపున పడతాయి. బయటి కంపెనీ రాసిన ప్రోగ్రాము రోజూ రాత్రి లెక్కలు పంపాలంటే దానికొక ఏపీఐ తాళం ఇస్తారు. ప్రోగ్రాము రాసినవాడు దానిని కోడులోనే రాసిపెట్టి వెళ్ళిపోతాడు. తాళం మారిస్తే లెక్కలు ఆగిపోతాయేమోనన్న భయంతో ఎవరూ దాని జోలికి పోరు. శాశ్వతమైన తాళానికి బదులు కొద్ది గంటలకే చెల్లిపోయే తాత్కాలిక తాళాలను ఇవ్వడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో బయటి కంపెనీకి ఇలా అధికారం ఇచ్చేటపుడు, ఖాతాదారుకొకటి చొప్పున ఒక ప్రత్యేక సంఖ్యను కూడా సరిచూడాలని సూచిస్తారు. అనేకమందికి సేవచేసే ఆ కంపెనీని ఏమరచి, ఒక ఖాతాదారు మరొక ఖాతాదారు సమాచారాన్ని లాగకుండా ఉండడానికి ఈ ఏర్పాటు.

తెలుగువారికి సంబంధించిన కోణం

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత పెరిగిన సాఫ్టువేరు పరిశ్రమలో అధికభాగం ఇతర దేశాల కంపెనీలకు చేసే సేవలే. కనుక ఇక్కడి ఇంజనీర్లు ఈ వ్యవహారంలో ఎక్కువగా రెండవ వైపున, అంటే లాగిన్ పుచ్చుకునే బయటివారుగా ఉంటారు. క్లయింటు ఇచ్చిన లాప్‌టాప్, క్లయింటు టోకెన్, తెరమీద మాత్రమే కనబడే వర్చువల్ డెస్క్‌టాప్, బ్యాంకుల పనులు చేసే కొన్ని గదులలోకి సెల్‌ఫోను తీసుకుపోరాదన్న నియమం - ఇవన్నీ వారికి సుపరిచితాలు.

అమెరికాలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే తెలుగువారి విషయంలో గొలుసు మరింత పొడవు. పని చేయించుకునేది క్లయింటు. అతనికి మనిషిని పంపేది ప్రైమ్ వెండరు. ఆ వెండరుకు పంపేది మరొక చిన్న కన్సల్టెన్సీ. జీతం ఇచ్చేది గొలుసు చివరన ఉన్న కంపెనీ, లాగిన్ ఇచ్చేది మొదట ఉన్న కంపెనీ. ఒప్పందం శుక్రవారం సాయంత్రం ముగిస్తే ఆ సంగతి గొలుసు పొడవునా పాకడానికి రోజులు పట్టవచ్చు.

ఈ ఆలస్యంవలన నష్టం క్లయింటుకే అనుకోరాదు. ఆపని లాగిన్ దొంగల చేతిలో పడితే, లాగ్ పుస్తకంలో కనబడేది ఆ ఇంజనీరు పేరే. తాను వెళ్ళిపోయిన తర్వాత జరిగిన పనికి తాను కారణం కాదని నిరూపించుకోవలసిన స్థితి అతనికి వస్తుంది. అందువలన ప్రాజెక్టునుండి బయటకు వచ్చే రోజున పరికరాలు అప్పగించినట్లు రసీదు, లాగిన్లు ఆపవలసిందిగా కోరుతూ ఒక ఈమెయిలు ఉంచుకోవడం ఇంజనీరుకే మేలు. పాత ప్రాజెక్టు లాగిన్ పనిచేస్తున్నదో లేదో చూద్దామని ప్రయత్నించడం మాత్రం కూడదు. దానికి కారణం చట్టంలో ఉన్నది.

చట్టాలు, ప్రమాణాలు

భారతదేశపు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను ప్రకారం యజమాని లేదా బాధ్యుని అనుమతి లేకుండా కంప్యూటరులోకి ప్రవేశించడం నష్టపరిహారానికి దారితీసే తప్పు. అదే పనిని మోసపూరితంగానో, దురుద్దేశంతోనో చేస్తే 66వ సెక్షను కింద 3 సంవత్సరాల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఈ సెక్షన్లు అడిగేది అనుమతి ఉన్నదా అని. పాస్‌వర్డు పనిచేసిందా అని కాదు.

కంప్యూటరు అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి; నిర్దేశించిన రకాల సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. బయటివారు పంచుకున్న ఐడి వాడుతుంటే 180 రోజుల లాగ్ ఉన్నా దానిలో మనిషి కనబడడు. భారతీయ రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్ 10న ఐటీ సేవలను బయటి సంస్థలకు అప్పగించడంపై సమగ్ర ఆదేశాలు వెలువరించింది. అవి అదే ఏడాది అక్టోబరు 1నుండి అమలులోకి వచ్చాయి. పనిని అప్పగించినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తగ్గదన్నది వాటి మూలసూత్రం. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, తన తరఫున బయటి సంస్థ చేసే పనికి సమాచారం సేకరించిన సంస్థనే బాధ్యురాలిని చేసింది.

కార్డు చెల్లింపుల రంగంలో అనుసరించే పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం ఈ విషయంలో అన్నిటికన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. దూరంనుండి ప్రవేశించే బయటివారి ఖాతాలను అవసరమైన సమయంలో మాత్రమే తెరవాలి, పని లేనపుడు మూసి ఉంచాలి, వాడుతున్నంతసేపు గమనించాలి. 90 రోజులు వాడని ఖాతాలను తొలగించాలి లేదా ఆపాలి. అనేకమంది ఖాతాదారులకు సేవచేసే సంస్థ, వారి ఆవరణలలోకి దూరంనుండి ప్రవేశించేటపుడు అందరివద్దా ఒకే పాస్‌వర్డు వాడరాదు, ఒక్కొక్కరికీ వేర్వేరుగా ఉండాలి. ఒక దుకాణంలో పోయిన పాస్‌వర్డు అదే మరమ్మతు కంపెనీ చూసుకునే మరో వంద దుకాణాలను తెరవకుండా ఉండడానికి ఈ నియమం పెట్టారు.